తలకిందులుగా చూసిన అక్షరాలు

1976 జూన్‌లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక ఆఫ్‌సెట్ ముద్రణాలయంలో ప్రూఫ్ రీడర్‌గా చేరాను. తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, సర్కారు బడిలో పోస్టు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసి, ఇక లాభం లేదనుకుని ఒప్పుకున్న ఉద్యోగం అది. రోజూ పొద్దున సంగారెడ్డిలో బస్సెక్కి పటాన్‌చెరులో దిగేదాన్ని. అప్పుడు బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ కొత్త షెడ్లు లేస్తున్నాయి. మందుల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు, పైపుల కంపెనీలు. వాటన్నిటికీ లేబుళ్లు కావాలి, అట్టపెట్టెలు కావాలి, ఊళ్లలో రైతుల కోసం గోడకు తగిలించే చార్టులు కావాలి. మా ప్రెస్సు బతికింది వాటి మీదే.

ప్రెస్సు యజమాని విశ్వనాథం సేటు. సంగారెడ్డి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. అన్నదమ్ముల్లో ఆయన ఒక్కడే కొట్టు వదిలి యంత్రాల వైపు వచ్చాడు. మాట కటువు, మనసులో ఏదీ దాచుకునేవాడు కాదు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజే, ఆడపిల్లవు, ఎన్నాళ్లుంటావో ఏమో అని నా ముఖం మీదే అన్నాడు. మీరు తీసేసేదాకా ఉంటానన్నాను. ఆ మాట మీద చాలా ఏళ్లున్నాను.

ముద్రణాలయంలో ఎవరి చోటు ఎక్కడో తెలిస్తే ఎవరి విలువ ఎంతో తెలిసిపోతుంది. ఆర్టిస్టులు పై అంతస్తులో, ఫ్యాను కింద, ఉత్తరం వెలుతురు పడే కిటికీల పక్కన కూర్చునేవారు. వాళ్లది స్టాఫ్ హోదా. కంపోజిటర్లు కింద, సీసపు అక్షరాల అరల ముందు నిలబడి పనిచేసేవారు. నా బల్ల మెట్ల కింద ఉండేది. ఎవరు పైకి పోయినా దుమ్ము నా ప్రూఫుల మీదే రాలేది. జీతం పట్టీలో నా పేరు కంపోజిటర్ల వరుసలో చివర. అందరూ నన్ను పంతులమ్మ అనేవాళ్లు. మొదట వెక్కిరింపుగానే మొదలుపెట్టారు, తరువాత అలవాటైపోయింది.

పని సాగే తీరు ఇలా ఉండేది. కంపెనీ నుంచి రాతప్రతి వస్తుంది. దాన్ని కంపోజిటర్లు సీసపు అక్షరాలతో కూర్చి, పొడుగాటి కాగితాల మీద అచ్చు తీసి నాకిస్తారు. అది గ్యాలీ ప్రూఫు. దాన్ని చదవడానికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు మీద వేలు కదుపుతూ పోవాలి. పైకి చదివేవారిని కాపీ హోల్డర్ అంటారు. కామా వస్తే కామా అని, వాక్యం ఆగితే ఆగిందని కూడా అనాలి. తప్పులు దిద్దాక, నున్నటి కాగితం మీద తీసిన మంచి ప్రతి ఒకటి పైకి పోతుంది. ఆర్టిస్టు దాన్ని ముక్కలు కోసి, బొమ్మ గీసిన అట్ట మీద అంటిస్తాడు. ఆ అట్టనే ఆర్ట్‌వర్క్ అంటాం. దాన్ని కంపెనీ అధికారి చూసి వెనక సంతకం పెట్టాక కెమెరా గదికి పంపితే, నెగటివ్, ప్లేటు, ఆ తరువాత మెషీను.

ఈ తీరులో ఒక కంత ఉండేది. చిన్న అక్షరాలన్నీ సీసంలో కూర్చినవి, వాటిని నేను చదివేదాన్ని. పెద్ద అక్షరాలు, అంటే శీర్షికలూ హెచ్చరికలూ, ఆర్టిస్టు కుంచెతో నల్లసిరాలో గీసేవాడు. అవి మెట్లు దిగి నా దగ్గరికి వచ్చేవి కావు. బొమ్మలో భాగం కాబట్టి బొమ్మతోపాటే సంతకానికి పోయేవి. జనం ముందుగా చూసేదీ, దూరం నుంచి కనిపించేదీ ఆ అక్షరాలే. వాటినే ప్రెస్సులో ఎవరూ చదివేవారు కాదు. నేను చేరిన కొత్తలో ఇదేమిటని అడిగితే అందరూ నన్ను వింతగా చూశారు. రివాజు అట్లనే ఉంది అన్నారు.

పై గదిలో పెద్ద ఆర్టిస్టు నర్సింలు. అప్పటికి నలభై దాటిన మనిషి. సొంత ఊరు హత్నూర. సంగారెడ్డిలో దుకాణాల బోర్డులు రాస్తూ పైకి వచ్చాడు. అతని చేతి గొప్పతనం గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. స్కేలు పెట్టకుండా గీత గీస్తే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. తెలుగు అక్షరపు గుండ్రటి ఒంపు ఎంత అందమైనదో నాకు పండిత శిక్షణలో ఎవరూ చూపలేదు, అతని కుంచె చూపింది. శీర్షిక గీయడం అయిపోయాక అట్టను తలకిందులుగా గోడకు ఆనించి, దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూసేవాడు. అలా చూస్తే మాట కనపడదు, ఆకారం ఒక్కటే కనపడుతుంది. ఏ అక్షరం లావైంది, ఎక్కడ సందు ఎక్కువైంది తెలిసిపోతుంది. బోర్డులు రాసేవాళ్లలో చాలామందికి ఉన్న పద్ధతే. అతని దగ్గర చిక్కేమిటంటే, తలకిందులుగా చూశాక మళ్లీ తిప్పి చదివే అలవాటు లేదు.

ఆ ఏడాది వానాకాలంలో ఒక పురుగుమందుల కంపెనీ నుంచి మా పోస్టర్లు వెనక్కి వచ్చాయి. శీర్షికలో తప్పు. కొన్నాళ్లకు మరోటి వచ్చింది, మరో తప్పుతో. ఒకచోట దీర్ఘం పోయింది, ఒకచోట ఒత్తు పడవలసిన చోట పడలేదు, మాటను మధ్యలో విరిచి రెండో వరుసలో పెట్టారు. ఇంకోసారి ఇట్లా అయితే పని హైదరాబాదుకు తీసుకుపోతామని కంపెనీ వాళ్లు సేటుకు చెప్పిపోయారు. అది మాకున్న వాటిలో పెద్ద ఖాతా. అది పోతే సగం మంది ఇంటికి పోవలసిందే.

సేటు ఒంటికాలి మీద లేచి నేరుగా మెట్ల కిందికి, నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"తప్పు పట్టనీకె నీకు జీతమిస్తున్న గదమ్మా. ఇదెట్ల పోయింది?"

"నాకు చూపియ్యని దాంట్ల తప్పు నేనెట్ల పడత సేటూ?" అన్నాను.

ఆ జవాబు ఆయన ఊహించలేదు. గీసిన అక్షరాలు కూడా నాకు చూపించే దాకా ఈ తప్పులు ఆగవని, చూపించమని, ఆ తరువాత తప్పు దాటి బయటికి పోతే ఆ రోజే నన్ను పంపించెయ్యమని చెప్పాను. ఉద్యోగం పోతుందన్న భయం లేకపోలేదు. కానీ చేయని తప్పు నెత్తిన వేసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

పై గదిలో పెద్ద దుమారమే లేచింది. సిరా ఆరని అట్ట కిందికి పోతే మరకలవుతాయన్నారు. ప్రూఫ్ రీడర్ ఆర్టిస్టు పనికి మార్కులు వేయడమేమిటన్నారు. నర్సింలు మాత్రం గొంతు పెంచకుండా, నా వైపు చూడకుండా ఒక్క మాట అన్నాడు.

"అచ్చరం బొమ్మల ఉంటె అది బొమ్మే పంతులమ్మా. మీ సదువు కింద, సీసం కాడ."

సేటు మధ్యే మార్గం కనిపెట్టాడు. అట్ట కిందికి రాదు, నేనే పైకి పోయి చదవాలి. అంతేకాదు, దసరా దాటాక పై గదికి ఒక ఇన్‌ఛార్జిని వేస్తానని, ఈ తప్పులు ఆగితే ఆ కుర్చీ నర్సింలుదని, ఆగకపోతే బయటి మనిషిని తెస్తానని అందరి ముందూ చెప్పేశాడు. నర్సింలు ఎన్నో ఏళ్లుగా ఆ గది పనంతా చూస్తున్నాడు, పేరే లేదు. ఆ పేరు కోసం అతను ఎంత ఆశపడుతున్నాడో అతని చేతిలో కుంచె ఆగిన తీరు చూస్తే తెలిసింది.

మరునాడు పైకి పోయాను. అట్ట గోడకు తలకిందులుగా ఉంది. తిప్పి నిలబెట్టాను. అతని ముఖం మాడిపోయింది. నేను పట్టించుకోకుండా రాతప్రతి తెరిచి, నేను ప్రతి చూస్తాను, మీరు గీసినది మీరే పైకి చదవండి అన్నాను. ఇద్దరు కలిసి చదవడం కింద మా పద్ధతే, కొత్తది కాదు. అద్దాలు తెచ్చుకోలేదన్నాడు. ఇంకోనాడు గొంతు బాగా లేదన్నాడు. మరోనాడు నేను మెట్లెక్కుతుంటే సిరా సీసా కొనడానికి బజారుకు దిగిపోయాడు. పొగరనుకున్నాను. లోపల్లోపల బాగా కోపం పెంచుకున్నాను కూడా.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అతను షెడ్డు వెనక నీడలో కూర్చుని ఉర్దూ పత్రిక చదివేవాడు. కళ్లు గబగబా పరుగెత్తేవి, మధ్యమధ్యలో నవ్వుకునేవాడు. అద్దాలు లేవు. ఒకరోజు మెషీన్‌మన్ ఒకతను తెలుగు పత్రిక తెచ్చి, సంగారెడ్డి జైలు గురించి ఏదో పడిందట చూడన్నా అని చేతికిచ్చాడు. నర్సింలు దాన్ని అటూ ఇటూ తిప్పి, బొమ్మ చూసి, నువ్వే చెప్పరాదు అని తిరిగి ఇచ్చేశాడు. దూరం నుంచి ఇది చూసినప్పుడు నాకు విషయం అర్థమైంది. అప్పటిదాకా పొగరనుకున్నది పొగరు కాదు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే సంగారెడ్డి బస్సు కోసం ఇద్దరం రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు, తెలుగు చదవడం రాదా అని అడిగేశాను. చుట్టూ తిప్పి అడగడం నాకు రాదు. అతను రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"ఏడు దాక ఉర్దూలనే సదివిన. అప్పుడు బళ్లె తెల్గు యాడుంది? బోర్డులు రాయబట్టినంక ఎవరన్న కాయితం మీద రాసిస్తె సూసి గీసుడే. గీసుడు వస్తది, సదువుడు రాదు. సేటుకు చెప్పకుండ్రి."

నిజాం కాలంలో మా జిల్లాలో బడికి పోయిన మగవాళ్లలో చాలామంది సంగతి ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. దస్తావేజు చదవగలరు, ఉర్దూ కవితలు, షేర్లు చెప్పగలరు, సొంత భాషలో దుకాణం పేరు చదవలేరు. అందులో సిగ్గుపడవలసింది వాళ్లు కాదు. అయినా సిగ్గు వాళ్లకే మిగిలింది. నర్సింలు సంగతి ఇంకా విచిత్రం. చదవడం రాని భాషలో జిల్లా మొత్తం మీద అంత అందంగా రాసేవాడు లేడు. రాతప్రతి స్పష్టంగా ఉంటే తప్పు రాదు. కంపెనీ గుమాస్తా గొలుసుకట్టుగా రాసిచ్చిన రోజున, ఏ ఆకారం చూడ్డానికి బాగుంటే అది గీసేవాడు. ఒత్తు కింద బొమ్మకు తగిలితే ఒత్తును చిన్నది చేసేవాడు, ఇంకా తగిలితే తీసేసేవాడు. బొమ్మ కోసం చెట్టు కొమ్మ ఒకటి తగ్గిస్తే తప్పేముంది, అదీ అట్లాగే అనుకున్నాడు.

"చెప్ప. గని ఇట్లనే నడవనియ్య గూడ నడవనియ్య," అన్నాను. "రేపటి సంది బస్సుల నా ఎన్క సీట్ల కూసోండ్రి. రోడ్డు మీద ఏ బోర్డు కనవడ్డ పైకి చదవాలె."

అలా మొదలైంది. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా రోడ్డంతా మా వాచకం. ఎరువుల దుకాణం, కంటి ఆసుపత్రి, కుటుంబ నియంత్రణ గోడ రాతలు, ఎదురుగా వచ్చే బస్సుల పేర్లు. బస్సు ఆగితే నిదానంగా, కదిలితే తడబడుతూ చదివేవాడు. అతనికి అక్షరాలు నేర్పవలసిన పని లేదు, ఒక్కో అక్షరం ఒంపు నాకంటే అతనికే బాగా తెలుసు. ఆ ఒంపుకు ఏ శబ్దమో జోడించుకోవడమే కావాలి. అది తొందరగానే పట్టుకున్నాడు. సంగారెడ్డిలో తను రాసిన బోర్డుల ముందు నుంచి బస్సు పోయే రోజులు మాత్రం కష్టంగా ఉండేవి. ఒక పొద్దున ఒక బట్టల దుకాణం బోర్డులో తన తప్పు తనకే కనపడింది. తరువాతి ఆదివారం నిచ్చెన వేసుకుని పోయి దిద్ది వచ్చాడట. దుకాణం వాళ్లు ఎందుకని అడిగితే రంగు వెలిసిందని చెప్పాడట.

చదవడం వచ్చాక వ్యాకరణం మొదలుపెట్టాను. సంధులు, సమాసాల జాబితాలు కాదు, అతనికి వాటితో పని లేదు. వాక్యంలో ఎవరు చేస్తున్నారు, ఏం చేస్తున్నారు, ఎక్కడ ఆగాలి, ఏ రెండు మాటలు విడదీయకూడదు, ఇవి చెప్పాను. మొదట నా తలప్రాణం తోకకు వచ్చింది. బొమ్మకు ఇవన్నీ ఎందుకని వాదించేవాడు. నేను వదల్లేదు. ఒకరోజు విత్తనాల కంపెనీ పోస్టరు ఒకటి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు మాటల శీర్షిక. ఇదివరకు అయితే వెడల్పు చూసి సమానంగా కోసేసేవాడు. ఈసారి పైకి చదువుకున్నాడు, రెండుసార్లు చదువుకున్నాడు. క్రియ ఉన్న మాటను కిందికి దించి, పెద్దగా, ఒక్కదాన్నే ఒక వరుసలో పెట్టాడు. మిగతా మాటల్ని పైన సన్నగా కూర్చాడు. అట్ట చూసిన ప్రతివాళ్లూ ముందు ఆ మాట దగ్గరే ఆగారు. ఏ మాట మీద బరువు ఉందో తెలియకుండా ఇన్నేళ్లు గీశానని అతనే అన్నాడు. ఆ తరువాత వాదించలేదు. నాకు చెప్పలేనంత సంతోషమైంది, పైకి మాత్రం ఒక కామా తప్పు చూపించి దిగివచ్చాను.

పై గది నుంచి తప్పులు రావడం ఆగిపోయింది. దసరా దాటింది. ఇన్‌ఛార్జి కుర్చీ సంగతి ఇవాళో రేపో తేలుతుందని అందరూ అనుకుంటున్నారు.

ఆ వారంలోనే పురుగుమందుల కంపెనీ పెద్ద చార్టు మెషీను ఎక్కింది. మందు ఎట్లా కలపాలి, ఎట్లా చల్లాలి అని బొమ్మలతో చెప్పే చార్టు. హత్నూర చుట్టుపక్కల ఊళ్లన్నిటా పంచాయతీ గోడలకు తగిలిస్తామన్నారు. దాని ఆర్ట్‌వర్క్ నర్సింలు ఎండాకాలంలో, నేను చేరక ముందే గీశాడు. కంపెనీ అధికారి అప్పుడే సంతకం పెట్టి, కాలం వచ్చాక అచ్చు వేయమన్నాడు. అట్ట అప్పటి నుంచి బీరువాలో ఉంది. కొత్త నియమం కొత్త పనులకే. సంతకం అయిపోయిన అట్టను మళ్లీ చదివించాలని ఎవరికీ తట్టలేదు, అది నా దగ్గరికి రాలేదు. సంతకం పెట్టిన అధికారి చూసింది కూడా సీసా రంగు, కంపెనీ గుర్తు, మందు పేరు అంతవరకే.

మెషీను మొదలయ్యే వేళకు సేటు, ఆ అధికారి పక్కపక్కనే నిలబడి ఉన్నారు. సేటు మంచి హుషారుగా ఉన్నాడు. నర్సింలును పిలిచి అధికారికి చూపించి, మా పై గది ఇక ఈయనదే అన్నట్టు ఏదో అన్నాడు కూడా. మొదటి షీట్లు బయటికి వచ్చాయి. రంగులు కుదిరాయో లేదో చూడడం పెద్ద ఆర్టిస్టు పని. నర్సింలు ఒక షీటు తీసుకుని అలవాటు కొద్దీ తలకిందులు చేసి చూశాడు. బాగుందని తల ఊపాడు. తరువాత దాన్ని తిప్పాడు. పెదాలు కదలడం నాకు నా బల్ల దగ్గరి నుంచి కనిపించింది. కొంచెం చదివి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

నేను లేచి పోయి చూశాను. శీర్షికలో ఒత్తు లేదు, అదొకటి. పెద్ద తప్పు కింద ఉంది. మందు కలిపిన చేతులతో ఏం చేయకూడదో చెప్పే హెచ్చరిక, అతను కుంచెతో గీసిన వరుస. వద్దని చెప్పే చివరి మాట బకెట్టు బొమ్మకు అడ్డం వస్తుందని అప్పట్లో తీసేశాడు. వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. చేయమంటున్నారో వద్దంటున్నారో చదివినవాళ్లకు తెలియదు.

నేను నోరు విప్పేలోపే అతను మెషీన్‌మన్ వైపు చెయ్యెత్తాడు.

"బంద్ చెయ్."

నడుస్తున్న మెషీను ఆపమని చెప్పే అధికారం ఆర్టిస్టుకు లేదు. అది సేటుకూ ఫోర్‌మన్‌కూ మాత్రమే ఉంది. మెషీన్‌మన్ సేటు ముఖం చూశాడు. నర్సింలు తనే పోయి పక్కన నిలబడేసరికి ఆపేశాడు. సేటు గబగబా వచ్చాడు. నర్సింలు తప్పులు రెండూ వేలు పెట్టి చూపించాడు. సేటు అట్ట తెప్పించి వెనక్కి తిప్పాడు. సంతకం ఉంది. మా వ్యాపారంలో ఆ సంతకం ఉన్నాక తప్పు ఖాతాదారుదే, ప్రెస్సుకు పూచీ లేదు. అందరికీ తెలిసిన నియమం అది.

"సంతకం వాళ్లదున్నది. మనకేంది? నడువనియ్," అన్నాడు సేటు, అధికారికి వినపడకుండా, గొంతు తగ్గించి.

నర్సింలు గొంతు తగ్గించలేదు.

"సంతకం వాళ్లదే సేటూ. గీసింది నేను. అప్పుడు నాకు తెల్గు సదువరాదు, సదువకుండనే గీసిన. ఇప్పుడొస్తది. ఇది నడువనియ్య."

అక్కడ మెషీన్‌మన్లున్నారు, కంపోజిటర్లున్నారు, పై గదిలో అతని కింద పనిచేసేవాళ్లు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మాట వాళ్లందరి ముందూ తనంతట తానే చెప్పాడు. నేను ముందుకు పోయి, హెచ్చరిక అర్థం లేకుండా ఉందని, రైతు ప్రాణానికి సంబంధించిన మాటని, అచ్చు వేయకూడదని అధికారికే నేరుగా చెప్పాను. అధికారి షీటు తీసుకుని పైకి చదివాడు. హెచ్చరిక దగ్గరికి రాగానే ఆగిపోయాడు. తన సంతకం వైపు ఒకసారి చూసుకుని, ఇది అచ్చు వేయకండి, దిద్దండి అన్నాడు.

నర్సింలు మెట్లెక్కి అట్ట ముందు కూర్చున్నాడు. బకెట్టు బొమ్మను కాస్త పక్కకు జరిపి గీశాడు. వాక్యానికి చోటు వచ్చింది. నేను పక్కన నిలబడి రాతప్రతి పట్టుకున్నాను, అతను గీసినదంతా పైకి చదివాడు. సాయంత్రానికి కొత్త ప్లేటు సిద్ధమైంది.

ఇన్‌ఛార్జి కుర్చీ అతనికి రాలేదు. చదువు రాకుండా ఇన్నాళ్లు తనను మోసం చేశాడని సేటు మనసులో పడింది. నేను పోయి వాదించాను. తప్పులు ఆగితే కుర్చీ అతనిదేనని మీరే అన్నారు, ఆగాయి కదా అన్నాను. ఆయన వినలేదు, హైదరాబాదు నుంచి ఒక మనిషిని తెచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది. సేటు నాకు అన్నం పెట్టిన మనిషే, ఆ నిర్ణయం మాత్రం అన్యాయం.

కొత్త మనిషి వచ్చిన రోజు సాయంత్రం బస్సులో నర్సింలును అడిగాను, బాధగా ఉందా అని. మామూలుగా ఇలాంటి చోట్ల ఏమీ లేదంటారు. అతను అట్లా అనలేదు.

"ఎందుకు కాదు పంతులమ్మా? ఆ కుర్చి నాదే అనుకున్న. ఇంట్ల గూడ చెప్పిన." బస్సు దిగేటప్పుడు, "మల్ల గట్లనే అయితె మల్ల ఆపుత" అన్నాడు.

పురుగుమందుల కంపెనీ మాత్రం హైదరాబాదుకు పోలేదు. ఆ అధికారి తన పనులన్నీ నర్సింలే గీయాలని, అట్ట మీద కంపెనీ సంతకానికి ముందు గీసిన మనిషి సంతకం ఉండాలని షరతు పెట్టాడు. కొద్దికాలానికి ప్రెస్సులో అదే అందరికీ నియమమైంది. గీసినవాడు తను గీసినది ప్రూఫ్ రీడర్ ముందు పైకి చదవాలి, చదివాకే సంతకం పెట్టాలి. కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జికి అది నామోషీగా ఉండేది. అయినా చదివేవాడు. అతని తప్పుల్ని నర్సింలు పట్టిన రోజులూ ఉన్నాయి.

నేను ఆ ప్రెస్సులోనే దిద్దుబాటు విభాగం పెద్దగా రిటైరయ్యాను. ఆ ఏళ్లలో నాతో ఎందరో ఆర్టిస్టులు పనిచేశారు, వాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు ఎక్కువ. భాష చూసుకోవడానికి మీరున్నారు కదా, మా పని బొమ్మ అని అనని వాళ్లు అరుదు. వాళ్లకు నేను చెప్పింది ఒక్కటే. తప్పు దిద్దడానికి ప్రూఫ్ రీడర్ ఉంటుంది, కంపోజిటర్ ఉంటాడు, సంతకం పెట్టే అధికారీ ఉంటాడు. వీళ్లందరి చేతుల మీదుగా తప్పు దాటిపోవచ్చు, ఆ చార్టు దాటిపోయింది. మెషీను ముందు నిలబడి షీటు చేతిలోకి తీసుకునే చివరి మనిషి గీసినవాడే. అతనికి చదవడం రాకపోతే అక్కడ ఆపేవాళ్లు ఎవరూ ఉండరు.